తోక బిళ్ళ

“లైటు వెలగలేదు మేడమ్. నా బిడ్డల మీద ఒట్టు, వెలగలేదు.”

“ఒట్లు పెట్టుకోవద్దని బైబిలు వాక్యంలోనే ఉండాది గదయ్యా, సమాధానం. ఒట్టు అవతల పెట్టి, ఏం చూసినావో అది చెప్పు.”

డిటెక్టివ్ కెజియా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. రొయ్యల గుంటల గట్టు మీద రేకుల షెడ్డు అది. డ్రైవరు సమాధానం కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. మెతుకు ముట్టి ఎన్నాళ్ళయిందో, ముఖం పీక్కుపోయింది. మూడు రోజుల కిందట ఈ గట్టుకు కూతవేటు దూరంలో, కృష్ణపట్నం పోయే రోడ్డు మీద, అతను నడుపుతున్న కారు వెనక టైరు పేలింది. కారు రోడ్డు దిగి తాటిచెట్టును కొట్టుకుంది. పక్క సీట్లో ఉన్న యజమాని జయరామయ్య అక్కడికక్కడే ప్రాణం విడిచాడు.

టైరు పేలడం ఎవరి తప్పూ కాదని వెనకటి రోజుల్లో అనుకునేవాళ్ళు. ఈ కాలపు కార్లు అట్లా అనుకోనివ్వవు. ఒక్కో చక్రం లోపల, వాల్వు మొదట్లో, అగ్గిపెట్టెలో సగమంత సెన్సరు ఒకటి కూర్చుని, గాలి ఎంతుందో బండికి కబురు పంపుతూ ఉంటుంది. గాలి తగ్గితే డ్రైవరు కళ్ళ ముందు పసుపుపచ్చ లైటు వెలుగుతుంది. వెలిగిన లైటును లెక్కచేయక తోలి మనిషి ప్రాణం తీశాడని ఇన్సూరెన్సు సర్వేయరు రేపు రిపోర్టు ఇవ్వబోతున్నాడు. అది పోలీసుల చేతికి అందిందంటే సమాధానానికి జైలు తప్పదు. అతని భార్య రెబెక్కమ్మ నిన్న నెల్లూరులో కెజియా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, “మా ఆయన తాగడక్కా, అబద్ధమాడడక్కా” అని ఆ రెండు ముక్కలే చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రెండు ముక్కల కోసమే కెజియా ఇంత దూరం వచ్చింది.

షెడ్డు లోపలి నుంచి జయరామయ్య కూతురు వినీల బయటికి వచ్చింది. చేతిలో కారు తాళాలు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

“అక్కా, నేను కావలి దాకా పోయి అవ్వను పిలుచుకుని రావాల. కర్మకు ఆమె ఇక్కడుండాల గదా. నన్నేమన్నా అడగాలంటే ఇప్పుడే అడగండి.”

“ఒకే ఒక్క మాట. సమాధానం తప్పు చేసినాడని నువ్వు అనుకుంటా ఉండావా?”

వినీల డ్రైవరు వైపు చూడలేకపోయింది. “అనుకోబుద్ధి కావడంలా. నన్ను బడికి తీసుకుపోయింది ఆయనే. కానీ రాజ్ కుమార్ అంకుల్ అంత గట్టిగా చెప్తా ఉంటే ఏం చేసేది? ఆయన సర్వేయరు మాత్రమే కాదు, నాయనకు స్నేహితుడు. ఆదివారం ఆదివారం ఈ గట్టు మీదే ఇద్దరూ గాలం వేసుకుని కూర్చునేవాళ్ళు.”

ఆదివారాలా! అయితే ఆ సర్వేయరు మహానుభావుడు చర్చి ఎగ్గొట్టేది చేపల కోసమన్నమాట, అనుకుంది కెజియా.

“అన్నిటికీ ఆ వీల్సే కారణం” అంది వినీల తన కారు తలుపు తీస్తూ. “కంపెనీ చక్రాలు బాగనే ఉండె. నాయనకు మోజు. తన బండికీ నా బండికీ ఒకే రోజు, ఒకే డిజైన్‌వి వేయించినాడు. తండ్రీ కూతుళ్ళ బండ్లు పక్కపక్కన నిలబడితే ఊరంతా తిరిగి చూడాలంట.”

ఆ మాట గొంతులో ఉండగానే ఆ పిల్ల బండి ఎక్కేసింది. అల్లాయ్ చక్రాలు ఎండకు తళుక్కుమంటూ గట్టు దిగి పోయాయి. ఆ తళుకును కెజియా చూసింది, చూసి వదిలేసింది. ఆ వదిలేసినందుకు తనను తాను తిట్టుకోవాల్సిన గడియ ఒకటి ముందుందని అప్పటికి ఆమెకు తెలియదు.

ఆమె మళ్ళీ సమాధానం వైపు తిరిగింది.

“లైటు ఆ రోజు వెలగలేదా, అసలెప్పుడూ వెలగలేదా?”

సమాధానం ఆలోచించాడు. అతను ఆలోచించడం చూసి కెజియాకు నమ్మకం కుదిరింది. కంఠతా పట్టి వచ్చినవాడు ఆలోచించడు.

“మొదట్లో వెలిగింది మేడమ్. కొత్త చక్రాలు ఏపిచ్చినాక. బండి కదిలిన కాసేపటికి మిణుకు మిణుకు మంటాది, ఆ పైన అట్టనే నిలబడిపోతాది. గాలి చూపిచ్చినా, గాలి బాగనే ఉండాది.”

“మిణుకుమందంటే గాలి తగ్గిందని కాదు. చక్రంలోంచి కబురే రావడంలేదని. పాత చక్రాల్లో సెన్సర్లు తీసి కొత్తవాట్లో పెట్టలేదన్నమాట. తర్వాత?”

“ఒక ఆదివారం నేను చర్చికి పోయుంటే, అయ్యే బండి తీసినాడు. సోమవారం వచ్చి చూస్తే లైటు లేదు. నాలుగు చక్రాలకీ నాలుగు ముప్పై మూళ్ళు చూపిస్తా ఉండాది. ‘బాగు చేపిచ్చినాలే పో’ అన్నాడు. ఎవరితో చేపిచ్చినాడో చెప్పలా.”

“ఆ ముప్పై మూడు ఎప్పుడన్నా పెరిగిందా, తగ్గిందా?”

“లేదు మేడమ్. ఎప్పుడు చూసినా ముప్పై మూడే. ఖరీదైన బండి గదా, అట్ట నిలబెట్టుకుంటాదేమో అనుకున్నా.”

“ఎర్రటి ఎండలో తిరుపతి దాకా తోలినప్పుడు?”

“అప్పుడూ ముప్పై మూడే.”

కెజియా కుర్చీలో నిటారుగా కూర్చుంది. పరిగెత్తే టైరు వేడెక్కుతుంది. వేడెక్కితే లోపలి గాలి ఉబ్బి, పొద్దున ముప్పై మూడున్నది మధ్యాహ్నానికి ముప్పై ఆరో ముప్పై ఏడో అయి కూర్చుంటుంది. ఇది తనలాగా పంక్చరు షాపులో పుట్టి పెరిగిన బిడ్డకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. మండుటెండలో తారురోడ్డు మీద కూడా చెక్కుచెదరని ముప్పై మూడు ఏ టైరులోదీ అయ్యుండదు. మరి ఎక్కడిది?

“నువ్వు లారీ తోలినవాడివి గదా. పొద్దున్నే టైర్లు తట్టి చూసే అలవాటు లేదా?”

సమాధానం తల వంచుకున్నాడు. “లేకేం మేడమ్. స్పానరుతో నాలుగూ తట్టందే బండెక్కేవాణ్ణి కాదు. ఈ కారు వచ్చినాక అయ్య నవ్వినాడు, ‘కళ్ళ ముందర టీవీ పెట్టుకుని ఇంకా ఆ తట్టుడేందిరా’ అని. సిగ్గేసి మానుకున్నా.” కట్టు లేని చేత్తో మోకాలి మీద కొట్టుకున్నాడు. “ఆ రోజు ఒక్కసారి తట్టుంటే అయ్య బతికుండేవాడు.”

కెజియా అతని భుజం మీద చెయ్యి వేసి లేచింది. చెయ్యాల్సిన ఓదార్పు మాటల్లో లేదు, డిక్కీలోనో చక్రంలోనో ఉంది.

కారు షెడ్డు వెనక, టార్పాలిను కింద, పోలీసు సీలుతో ఉంది. సీలు తీయాలంటే హెడ్ కానిస్టేబుల్ పెంచలకృష్ణ రావాలి, సర్వేయరూ రావాలి. వాళ్ళిద్దరూ భోజనాలు చేసి వచ్చేదాకా ఆమె గట్టు మీదే నిలబడింది. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి కొడుతోంది. ఆ గాలి ముక్కుకు తగిలితే చాలు, కెజియాకు నాయన గుర్తుకొస్తాడు.

ఇదే రోడ్డు మీద, ఇంకాస్త నెల్లూరు వైపు, నాయన కృపాదానం పంక్చరు షాపు ఉండేది. ఇప్పుడు ఆ చోట పోర్టు లారీల వేబ్రిడ్జి లేచింది. అప్పట్లో పోర్టూ లేదు, ఇంత రోడ్డూ లేదు. ఉప్పు పండే కొఠార్ల నుంచి లారీలు వచ్చి షాపు ముందు ఆగేవి. నాయన ఇనపకడ్డీ తీసుకుని లారీ చుట్టూ తిరుగుతూ, “కళ్ళు మూసుకోండిరా” అనేవాడు. కెజియా, ఆమెతోపాటు ఆ ఇంట్లోనే పెరిగిన రాజన్న గట్టిగా కళ్ళు మూసుకునేవాళ్ళు. ఠంగ్, ఠంగ్ మని కడ్డీ మోగేది. ఏ టైరు మోత మెత్తగా ఉందో ముందు చెప్పినవాళ్ళకు మరమరాల ఉండ. ఎక్కువసార్లు రాజన్నే గెలిచేవాడు. గెలిచి, ఉండను మోకాలి మీద పగలగొట్టి పెద్దముక్క ఆమెకే ఇచ్చేవాడు. “టైరు నోరు తెరిచి చెప్పదురా, తట్టి అడగాల” అనేవాడు నాయన. ఎంత బాగుండేవి ఆ రోజులు! పొట్ట నిండని రోజులే, కానీ ఇప్పుడు తలుచుకుంటే కడుపు నిండుతుంది.

ఆ రాజన్నే ఇప్పుడు తెల్లటి కారు దిగి వస్తున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కంపెనీ కార్డు.

“నమస్తే కెజియా గారూ.”

“నమస్తే రాజ్ కుమార్ గారూ.”

ఒకే కంచంలో గంజి తాగిన ఇద్దరి మధ్యకు ఈ ‘గారు’ వచ్చి కూర్చుని చాలా కాలమైంది. లారీ క్లీనరు వదిలేసిపోయిన పిల్లవాణ్ణి కృపాదానం కొడుకులా సాకి డిప్లొమా చదివించాడు. నాయన పోయాక రాజ్ కుమార్ ఇన్సూరెన్సు కంపెనీల వైపు, కెజియా ఆ కంపెనీలు కాదన్న మనుషుల వైపు చేరిపోయారు. ఎదురుపడిన ప్రతి కేసులోనూ కత్తులు దూసుకున్నారు. క్రిస్మస్‌కు కూడా ఫోనుల్లేవు.

“అనవసరంగా శ్రమ పడినారు” అన్నాడు రాజ్ కుమార్. “డ్రైవరు లైటు చూసి కూడా తోలినాడు. లేదా నిద్రపోయినాడు. రెండిట్లో ఏదైనా నాకు ఒకటే. సాయంత్రానికి బండిని మా యార్డుకు తరలిస్తా ఉండా. హెడ్డు గారూ, సంతకం పెడితే లారీ పిలిపిస్తా.”

“అంత తొందరేంది సార్?” అన్నాడు పెంచలకృష్ణ సీలు తెంచుతూ. “మేడమ్‌ను ఒక చూపు చూడనీండి.”

కెజియా ముందు పేలిన టైరు దగ్గర కూర్చుంది. ఎడమ వెనకది. రబ్బరు పేలికలైపోయింది గానీ చక్రం మిగిలింది. వాల్వు చివర పట్టుకుని వేలితో అటూ ఇటూ ఆడించింది. అది వదులుగా ఊగింది.

“చూడండి హెడ్డు గారూ. ఈ అల్లాయ్‌కు చిల్లు పెద్దది. మామూలు రబ్బరు వాల్వు ఇందులో బిగుసుకోదు. ఇక్కడి నుంచి గాలి చెమ్మలాగా కారిపోతా ఉంటాది. తోలేవాడికి తెలీదు. గాలి తగ్గిన టైరు వేడెక్కి వేడెక్కి ఒకనాడు పేలతాది.”

“తెలీకపోవడమేంది?” రాజ్ కుమార్ నవ్వాడు. “తెలియజెప్పేదానికే గదా సెన్సరు.”

“సెన్సరు ఈ చక్రంలో ఉంటే గదా చెప్పేది!” కెజియా పేలిన టైరులో చెయ్యి పెట్టి వాల్వు మొదలు తడిమి చూపించింది. రబ్బరు మొదలు తప్ప అక్కడ ఏమీ లేదు. “సెన్సరు లేదు. హెడ్డు గారూ, మీ జీపు బ్యాటరీ నుంచి దీనికి వైరు కలిపి తాళం తిప్పుతారా?”

తాళం తిరిగింది. పగిలిన అద్దం వెనక తెర మీద నాలుగు అంకెలు వెలిగాయి. ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై మూడు.

“నా సామిరంగా!” అన్నాడు పెంచలకృష్ణ. “పేలికలైపోయిన టైరులో ముప్పై మూడు పాయింట్ల గాలేంది?”

“అది పాత లెక్క. పేలకముందుది తెర మీద నిలిచిపోయింది” అన్నాడు రాజ్ కుమార్ చప్పున. ఆ చప్పున అనడం కెజియాకు నచ్చలేదు. నాయన అడిగిన లెక్కకు తప్పు జవాబు చెప్పేటప్పుడు కూడా రాజన్న ఇట్లాగే గబగబా చెప్పేవాడు.

“డిక్కీ చూద్దాం.”

“డిక్కీ నేను చూసేసినా. స్టెప్నీ తప్ప ఏం లేదు.”

“సీలేసిన బండి డిక్కీ ఎప్పుడు చూసినారు సార్?” పెంచలకృష్ణ మామూలుగానే అడిగాడు. రాజ్ కుమార్ చేతిలోని ఫోను చూసుకున్నాడు.

కెజియా డిక్కీ ఎత్తింది, చాప తీసింది, స్టెప్నీ పైకి లేపింది. దాని కింద రొయ్యల మేత సంచిలో చుట్టి ఏదో ఉంది. విప్పితే మూరెడు బూడిదరంగు పైపు. గుంటల్లో నీళ్ళకు వాడే పైపే. రెండు కొసలా మూతలు పెట్టి గమ్ముతో గట్టిగా అతికారు. ఒక మూతకు చిల్లు పొడిచి టైరు వాల్వు బిగించారు. పైపును ఊపితే లోపల ఏవో గలగలలాడాయి.

“ఏంది మేడమ్ అది, బాంబా?” పెంచలకృష్ణ రెండడుగులు వెనక్కి వేశాడు.

“కాదు. ఇదే ఈ బండి నాలుగు చక్రాలూ.” కెజియా దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. “కంపెనీ చక్రాల్లోంచి పీకిన సెన్సర్లు దీంట్లో వేసి, ముప్పై మూడు గాలి కొట్టి మూసేసినారు. బయట చక్రాలు ఏమైపోయినా ఇవి లోపల సుఖంగా కూర్చుని ‘అంతా బాగుంది’ అని కబురు పంపుతా ఉంటాయి. నమ్మకం లేకపోతే తెర చూస్తా ఉండండి. గాలి వదులుతా.”

ఆమె వాల్వు మూత తిప్పింది. మూతతోపాటు మెత్తటిదేదో అరచేతిలో పడింది.

కెజియా దాన్ని చూసింది. చుట్టూ ఉన్న ఎండ, షెడ్డు, మనుషులు ఒక్క క్షణం ఎటో వెళ్ళిపోయారు.

పాత ట్యూబులోంచి గుండ్రంగా కత్తిరించిన నల్లటి రబ్బరు బిళ్ళ. మధ్యలో చిల్లు. అంచున గోటితో పట్టి లాగేందుకు వదిలిన చిన్న తోక. ఉప్పు లారీల వాల్వుల్లోకి ఉప్పు పోకుండా నాయన ప్రతి మూత కింద ఈ బిళ్ళ పెట్టేవాడు. తోక బిళ్ళ అని దానికి పేరు పెట్టింది తనే. ఈ లోకంలో ఇంకే పంక్చరు షాపులోనూ ఇది కనపడదు. దీన్ని కత్తిరించడం నాయన ఇద్దరికే నేర్పాడు. ఒకరు తను. ఆమె స్కూటరు మూతల కింద ఇప్పటికీ రెండున్నాయి.

రెండోవాడు ఆమెకు చెయ్యి చాచితే అందేంత దూరంలో నిలబడి ఉన్నాడు.

ఆమె గుప్పిట మూసింది. బిళ్ళను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. డ్రైవరు బయటపడతాడు, పైపు చేసింది ఎవరో టైరు షాపు వాళ్ళంటారు, కేసు ముగుస్తుంది. నాయన పెంచిన కొడుకు ఇంటికి వెళ్ళిపోతాడు.

“వదలండి మేడమ్, చూస్తా ఉండా” అన్నాడు పెంచలకృష్ణ తెర ముందు వంగి.

ఆమె రెండో చేత్తో వాల్వు పిన్ను నొక్కింది. బుస్సుమని గాలి వచ్చింది. కాసేపు ఏమీ కాలేదు. ఆ తరవాత హెడ్డు అరిచాడు. “ముప్పై... ఇరవై ఆరు... ఇరవై! నాలుగూ ఒక్కసారే దిగిపోతా ఉండాయి! లైటు వచ్చేసింది!”

సమాధానం షెడ్డు లోంచి తడబడుతూ పరిగెత్తుకొచ్చాడు. తెర మీద పసుపుపచ్చ లైటు చూసి, కట్టు లేని చేత్తో కారు తలుపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. “ఇదే మేడమ్. ఈ లైటే. ఆ రోజు ఇది వెలిగుంటే నేను ఆపేవాణ్ణి.”

“ఎవడో షాపోడు చేసిన వెధవ పని” అన్నాడు రాజ్ కుమార్. “షాపు వాణ్ణి పట్టుకోండి హెడ్డు గారూ. నేను రిపోర్టు మారుస్తా.”

ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే కెజియా ఏం చేసేదో ఆమెకే తెలియదు. డ్రైవరు మీదకు తోసిన నేరం ఇప్పుడు ఇంకొక కూలివాడి మీదకు తోస్తున్నాడు. ఆమె అతని ముందుకు వెళ్ళి గుప్పిట విప్పింది.

“ఇది ఏ షాపులో దొరుకుతాది అన్నా?”

ఎన్నేళ్ళకో వచ్చింది ఆ ‘అన్నా’. రాజ్ కుమార్ బిళ్ళ వైపు చూశాడు. పట్టుకుందామని వేలు చాచి, పట్టుకోలేక వెనక్కి తీసుకున్నాడు.

“చేతికి అలవాటైపోయింది” అన్నాడు. “మూత పెట్టేటప్పుడు చూసుకోనే లేదు. చెయ్యే కత్తిరించి పెట్టేసింది.”

“ఎందుకు చేసినావన్నా ఈ పని?”

“పాత సెన్సర్లు ఈ అల్లాయ్ చిల్లులో కూర్చోలేదు. సరిపడేవి మద్రాసు నుంచి రావాలన్నారు. జయరామయ్యకు ఆ లైటు చూస్తే చిరాకు. ‘అవి వచ్చేదాకా దీని నోరు మూయించరా’ అన్నాడు. గట్టు మీద పైపు ముక్కలు పడుండె. గంటలో చేసేసినాం, నవ్వుకుంటా. ఆ పైన ఆయనా మరిచిపోయినాడు, నేనూ మరిచిపోయినా.” గొంతు దించాడు. “నాకున్నది వాడొక్కడే స్నేహితుడు కెజీ. వాణ్ణి సాగనంపిన రోజే ఈ సర్వే నేను అడిగి తీసుకున్నా. పైపు తీసేస్తే చాలనుకున్నా.”

“సమాధానం జైలుకు పోయినా ఫరవాలేదనుకున్నావు.”

కెజియాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాయన లేడు కాబట్టి సరిపోయింది, ఉంటే ఈ మాట వినలేక పోయేవాడు. అప్పుడు ఆమెకు పొద్దున గట్టు దిగిపోయిన తళుకు గుర్తుకొచ్చింది. ఒకే రోజు. ఒకే డిజైన్‌వి.

“అన్నా! ఎన్ని చేసినావు ఇట్టాంటివి?”

రాజ్ కుమార్ తల ఎత్తాడు. అతనికీ అప్పుడే తట్టింది.

“రెండు.”

“దేవా! ఆ పిల్ల అవ్వను ఎక్కించుకుని హైవే మీద వస్తా ఉంటాది. ఫోను చెయ్యి!”

“నువ్వు చెయ్యి కెజీ. నా నోటితో ఎట్ట...”

“నా నంబరు ఆ పిల్ల దగ్గర లేదు. బండి తోలతా తెలీని నంబరు ఎత్తదు. నీదైతే ఎత్తుతాది. చెయ్యన్నా!”

రాజ్ కుమార్ హెడ్డు వైపు చూశాడు, సమాధానం వైపు చూశాడు. ఫోను తీసి స్పీకరు పెట్టి నొక్కాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఫోను పట్టుకున్న ఆ చేతి కింద కెజియా తన చెయ్యి పెట్టింది.

“చెప్పండి అంకుల్.” వెనక లారీ హారను, గాలి హోరు.

“అమ్మా వినీలా, బండి మెల్లిగా పక్కకు తీసి ఆపు. బ్రేకు గట్టిగా తొక్కొద్దు.”

“ఎందుకు అంకుల్? బాగనే ఉండాదే. కొంచెం ఎడమ పక్కకు లాగతా ఉండాది, అంతే. తెర మీద చూసినా, నాలుగు టైర్లూ ముప్పై మూడే.”

కెజియా, రాజ్ కుమార్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“అది నీ చక్రాల్లో గాలి కాదు తల్లీ” అన్నాడు రాజ్ కుమార్. మాట మాటకూ ఊపిరి తీసుకున్నాడు. “ఆ అంకె అబద్ధం. నేను పెట్టిన అబద్ధం. మీ నాయన బండిలో కూడా నేనే పెట్టినా. సమాధానం తప్పేమీ లేదు. నన్ను తర్వాత తిట్టు. ఇప్పుడు ఆపమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

హోరు సన్నబడింది. కంకర మీద చక్రాలు నలిగిన చప్పుడు వచ్చి ఆగిపోయింది. “ఏందే, ఈడ ఆపినావేంది?” అని అవ్వ గొంతు వినిపించింది. షెడ్డు దగ్గర నలుగురూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

“వినీలా, నేను కెజియాను. అవ్వను దించి రోడ్డుకు దూరంగా కూర్చోబెట్టు. డిక్కీలో స్పానరు ఉంటాది, తీసుకో. ఒక్కో టైరు మీదా తట్టు. ఫోను దగ్గర పెట్టు. మేం వింటాం.”

ఎవరూ చెప్పకుండానే ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

ఠంగ్.

అడుగుల చప్పుడు. ఠంగ్.

మళ్ళీ అడుగులు. ఠంగ్.

ఉప్పుగాలి షెడ్డు రేకుల మీద గరగరలాడింది. నాలుగోసారి స్పానరు తగిలిన చప్పుడు తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు మెత్తగా వచ్చింది.

“నాలుగోది” అన్నారు ఇద్దరూ ఒక్కసారే, కళ్ళు తెరవకుండానే.

“అంకుల్...” అంది వినీల. “ఇది లోపలికి పోతా ఉండాది. చేత్తో నొక్కితేనే పోతా ఉండాది.”

సమాధానం ఫోను మీదకు వంగాడు. “వినీలమ్మా, మళ్ళీ బండి ఎక్కబాకు. ఆడనే ఉండండి. నేనొస్తా ఉండా.”

కట్టిన చెయ్యి సంగతి అతనికి గుర్తే లేదు. రాజ్ కుమార్ తన కారు తాళాలు తీసి కెజియా అరచేతిలో, తోక బిళ్ళ పక్కన పెట్టాడు.

“తొందరగా పోండి” అని, హెడ్డు పెంచలకృష్ణ జీపు వైపు తనే నడిచాడు.